ట్రాన్స్‌ప్లాంట్‌కి ముందు ఇనుము లెక్క చూశారా?

తలసేమియా ఉన్న పిల్లకి బోన్ మారో ట్రాన్స్‌ప్లాంట్ చేయిస్తున్నారట అని తెలియగానే చుట్టాలందరూ అడిగే ప్రశ్నలు రెండు. ఎవరిది మ్యాచ్ అయింది? ఎంతవుతుందన్నారు? రెండూ అడగాల్సినవే, కాదనను. కానీ మూడోది ఒకటుంది. పిల్ల ఒంట్లో ఇనుము ఎంత పేరుకుంది, దాన్ని దేంతో కొలిచారు? చుట్టాల సంగతి సరే, ఎస్టిమేట్ కాగితం చేతిలో పెట్టే కౌన్సెలర్లు కూడా కొన్నిచోట్ల ఈ మాట ఎత్తరు. నన్నడిగితే డోనర్ కోసం వెతకడం మొదలుపెట్టిన రోజే ఈ లెక్క కూడా మొదలుపెట్టాలి.

నేను డాక్టర్ని కాదండీ. మా ఆడపడుచు కూతురికి తలసేమియా మేజర్. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించే వార్డులో ఏళ్ల తరబడి తనకి తోడు కూర్చున్నదాన్ని. అక్కడ తల్లులు ఒకరికొకరు చెప్పుకునేవి, డాక్టర్లని అడిగి తెలుసుకున్నవి, ఇంటికొచ్చాక చదివినవి కలిపి ఇది రాస్తున్నాను. పాప కథ మాత్రం ఇక్కడ రాయను. పెద్దయ్యాక చెప్పుకోవాలనిపిస్తే తనే చెప్పుకుంటుంది.

అసలు ఇనుము ఎక్కువవడమేంటి అని మీలో చాలామందికి అనిపించి ఉంటుంది. మనకి చిన్నప్పట్నుంచీ తెలిసింది దానికి తలకిందులు కదా. కడుపుతో ఉంటే ఐరన్ మాత్రలు, నీరసమంటే ఐరన్ టానిక్కు, పాలిపోతే బీట్‌రూటూ ఖర్జూరం. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. అలాంటి మనకి ఇనుము ఎక్కువైతే ప్రమాదమంటే నమ్మబుద్ధి కాదు. అందుకే పిల్ల తెల్లగా పాలిపోయి కనిపించగానే వచ్చిన ప్రతి చుట్టమూ ఓ టానిక్ సీసా పట్టుకొస్తారు. "రక్తం పడుతుంది, రెండు పూటలా వెయ్యండమ్మా" అని. ప్రేమే, కాదనలేం. కానీ ఆ సీసా ఆ పిల్లకి పనికిరాదు. తలసేమియాలో రక్తం తయారవకపోవడానికి కారణం ఇనుము చాలకపోవడం కాదు. హిమోగ్లోబిన్‌లో ఒక భాగాన్ని తయారుచేసే జన్యువు తల్లి దగ్గర్నుంచి ఒకటి, తండ్రి దగ్గర్నుంచి ఒకటి, రెండూ దెబ్బతిన్నవే రావడం. (మీ వైపు నుంచే వచ్చిందని కోడల్ని దెప్పే అత్తగార్లు ఈ వాక్యం ఇంకోసారి చదవాలని నా మనవి. ఇద్దరి వైపు నుంచీ వస్తే తప్ప ఈ జబ్బు రాదు.)

ఇక లెక్క చూడండి. ఒక బ్యాగు రక్తంలో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. మన ఒంటికి ఇనుము తీసుకోవడం తెలుసుగానీ ఎక్కువైనదాన్ని బయటికి పంపే దారి లేదు. చర్మం పొట్టు రాలడంతోనూ, పేగుల్లోంచీ రోజుకి ఒకటి రెండు మిల్లీగ్రాములు పోతుందంతే. మూడు వారాలకో బ్యాగు చొప్పున ఏడాదికి 17 బ్యాగులు. ఒక్కోదానికి 200 వేసుకున్నా 3400 మిల్లీగ్రాములు. ఆరోగ్యంగా ఉన్న పెద్దమనిషి ఒంట్లో మొత్తం ఇనుమే 3, 4 గ్రాములు! అంటే ఒక పెద్దమనిషి జీవితమంతా మోసే ఇనుముని ఆ పిల్ల ఒక్క ఏడాదిలో కొత్తగా నింపుకుంటోంది. మరుసటేడు మళ్లీ అంత. రక్తం ఎక్కించకపోతే బతకదు, ఎక్కిస్తే ఇది.

ఈ ఇనుము ముందు లివర్‌లో చేరుతుంది. తర్వాత గుండెలో, ఇంకా ఎదుగుదలకీ రజస్వల కావడానికీ కావలసిన హార్మోన్ల గ్రంథుల్లో. పదిహేనేళ్లొచ్చినా పన్నెండేళ్ల పిల్లలా కనిపించే అమ్మాయిల్ని ఆ వార్డులో చూశాను. వాళ్లు సరిగ్గా తినక అలా లేరు.

ట్రాన్స్‌ప్లాంట్‌కీ దీనికీ సంబంధమేంటంటే, డోనర్ మూలకణాలు ఎక్కించే ముందు పిల్ల సొంత మజ్జని ఖాళీ చెయ్యాలి. దానికి బుసల్ఫాన్ లాంటి చాలా గట్టి మందులు ఇస్తారు. ఆ మందుల దెబ్బ లివర్ మీద పడుతుంది. ఏళ్ల తరబడి ఇనుముతో మచ్చలు పడ్డ లివర్ ఆ దెబ్బకి తట్టుకోలేదు. లోపలి సన్నటి రక్తనాళాలు మూసుకుపోయి పొట్ట ఉబ్బి, కామెర్లు కమ్మే ప్రమాదం ఒకటుంది, ప్రాణాంతకమైనది. పైగా ఇనుము మనకెంత అవసరమో కొన్ని రకాల బాక్టీరియాకీ ఫంగస్‌కీ అంతే అవసరం. తెల్ల కణాలు ఒక్కటీ లేని ఆ రెండు మూడు వారాల్లో ఒంట్లో ఇనుము విడిగా తిరుగుతుంటే ఆ సూక్ష్మజీవులకి పండగే.

ఇది కొత్తగా కనిపెట్టిందేం కాదు. ఇటలీలో పెసారో అనే ఊళ్లో గైడో లుకరెల్లి అనే డాక్టర్ 1980ల్లో వందలాది తలసేమియా పిల్లలకి ట్రాన్స్‌ప్లాంట్ చేసి, ఎవరు బతికారు ఎవరు పోయారు అని వెనక్కి తిరిగి చూసుకుంటే మూడు విషయాలు తేలాయి. పక్కటెముకల కింద రెండు సెంటీమీటర్లకి మించి లివర్ పెరిగి తగలడం, లివర్‌లో మచ్చలు పడటం, ఇనుము తీసే మందు సరిగ్గా వాడకపోవడం. మూడూ లేని పిల్లలు ఒకటో తరగతి, మూడూ ఉన్నవాళ్లు మూడో తరగతి. ఆ రోజుల్లో ఒకటో తరగతిలో నూటికి 90 మందికి పైగా బతికితే, మూడో తరగతిలో 60 మంది చిల్లర. మూడు విషయాలు అన్నాను గానీ నాకు మాత్రం ఆ మూడింటి వెనకా కనిపించేది ఇనుమే. ఇప్పుడు మందులూ పద్ధతులూ చాలా మెరుగుపడ్డాయి, ఆ అంకెలు చూసి బెంబేలు పడక్కర్లేదు. కానీ తేడా ఎక్కడ వచ్చిందో గమనించండి.

మనవాళ్లు, ముఖ్యంగా రాయలసీమ వైపు నుంచి, ఎక్కువగా వెళ్లే వెల్లూరు సీఎంసీ డాక్టర్లు దీనికి ఇంకో ముక్క కలిపారు. మన దగ్గర మూడో తరగతి పిల్లలే ఎక్కువగా వస్తారు కాబట్టి, వాళ్లలో ఎవరికి మరీ ప్రమాదమో 2007లో విడదీసి చెప్పారు. ఏడేళ్లు నిండి, లివర్ ఐదు సెంటీమీటర్లు అంతకు మించి తగిలేవాళ్లు. ఎంత మామూలు కొలతో చూడండి. ఒక టేపూ, ఒక డాక్టరు చెయ్యీ. ఈసారి వెళ్లినప్పుడు "లివర్ ఎన్ని సెంటీమీటర్లు తగులుతోందండీ?" అని అడిగి ఫైల్లో రాయించుకోండి. అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

ఇప్పుడు నాకు బాగా మంటెక్కించే మూడో అంశం. మందు సరిగ్గా వాడకపోవడం. ఫైళ్లలో దీన్ని "పూర్ కంప్లయన్స్" అని రెండు ముక్కల్లో రాసేస్తారు. ఆ రెండు ముక్కల వెనక ఏముంటుందో వార్డులో కూర్చున్నవాళ్లకి తెలుసు. పాతకాలం మందు డెస్ఫెరాల్ అంటే పొట్ట చర్మం కింద సూది గుచ్చి చిన్న పంపుతో 8 నుంచి 12 గంటలు ఎక్కించడం, వారానికి ఐదారు రాత్రులు. రోజూ పడుకునే ముందు కన్నబిడ్డకి సూది గుచ్చడమంటే ఏంటో ఆలోచించండి. తర్వాత డెఫరిప్రోన్ క్యాప్సూల్స్ వచ్చాయి, 1990ల్లో, ఐరోపా వాళ్లకంటే మన దేశంలోనే ముందు. రోజుకి మూడు సార్లు, అంటే ఒక పూట బళ్లో. దాంతో మూత్రం ఎర్రగా వస్తుంది, అది చూసి హడలిపోకూడదు. కానీ జ్వరమొస్తే మాత్రం మందు ఆపి వెంటనే తెల్ల కణాల పరీక్ష చేయించాలి, ఎందుకంటే అవి ఒక్కసారిగా పడిపోయే ప్రమాదముంది. ఆ తర్వాత డెఫరసిరాక్స్, రోజుకి ఒక్కసారే. నీళ్లలో కరిగించే రకమైతే పరగడుపున తాగించాలి. రుచి సుద్దలా ఉంటుందని పిల్లలు కక్కేస్తారు. దానికి కిడ్నీ, లివర్ పరీక్షలు క్రమం తప్పకుండా చూసుకోవాలి.

ఇన్ని పనులు చేసేది ఎవరు? ఇంట్లో ఒక్క మనిషే. ఆవిడకి జ్వరమొచ్చినా, పుట్టింట్లో పెళ్లయినా, ఊళ్లో మందు దొరక్కపోయినా తప్పిన రోజులన్నీ ఆవిడ ఖాతాలోకే. మా ఆడపడుచు ఒకసారి నాతో అంది, "వదినా, అందరూ డోనర్ ఎవరని అడుగుతారు, రాత్రి మందు ఎవరు కలుపుతున్నారని ఒక్కళ్లూ అడగరు" అని. ఆ తర్వాత ఇంట్లో పంచుకున్నారు. పొద్దున మందు వాళ్లాయన పని. స్టాక్ అయిపోకుండా చూడటం మా ఆయన పని, మేనమామ అన్నాక ఆమాత్రం చెయ్యొద్దూ! గోడ క్యాలెండర్ మీద టిక్కులు పెట్టడం పాప పని. నేను దీన్ని సాయం అనను. ట్రాన్స్‌ప్లాంట్‌కి పిల్లని తయారు చెయ్యడం కుటుంబం మొత్తం చెయ్యాల్సిన వైద్యం. లక్షలు పోగుచెయ్యడం మగాళ్ల పనీ, మందు తాగించడం తల్లి పనీ అనుకునే ఇంట్లో రెండోదానికి విలువుండదు. తీరా ప్రమాదాన్ని లెక్కేసేటప్పుడు డాక్టర్లు చూసేది రెండోదాన్నే.

సరే, కొలవడం సంగతి. ఎక్కువమందికి తెలిసిన పరీక్ష సీరం ఫెర్రిటిన్. చౌక, మామూలు రక్తపరీక్ష. వెయ్యి దాటితే ఇనుము తీసే మందు మొదలుపెడతారు, 2500 పైన ఏళ్ల తరబడి ఉంటే గుండెకి ప్రమాదమంటారు. దీన్ని చేయించొద్దని నేననను, క్రమం తప్పకుండా చేయించాలి. కానీ దాని ఒక్కదాన్నే నమ్ముకోవడం ఎలాంటిదంటే, వంటింట్లో బియ్యం డబ్బా చూసి అటక మీద బస్తాలెన్నున్నాయో చెప్పడం లాంటిది. డబ్బా నిండుగా ఉంటే బస్తాలూ ఉండొచ్చు, చాలాసార్లు ఉంటాయి కూడా. కానీ ఖాయం కాదు. జ్వరమొచ్చినా, ఇన్ఫెక్షన్ ఉన్నా, లివర్‌కి హెపటైటిస్ లాంటిదేదైనా పట్టినా ఫెర్రిటిన్ పెరిగిపోతుంది. విటమిన్ సీ బాగా తక్కువున్న పిల్లల్లో ఇనుము ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. అందుకని ఒక్క అంకె చూసి ఏడవడమూ వద్దు, సంబరపడటమూ వద్దు. ఏడాది పొడుగునా అది పైకెళ్తోందా కిందికొస్తోందా అన్నది చూడాలి.

రక్త క్యాన్సర్ వాళ్ల విషయంలో దీని మీద పెద్ద చర్చే జరిగింది. ట్రాన్స్‌ప్లాంట్‌కి ముందు ఫెర్రిటిన్ బాగా ఎక్కువున్నవాళ్లలో ఫలితాలు బాగాలేవని 2007లో బోస్టన్ డాక్టర్లు ప్రచురించారు. తర్వాత అదే డాక్టర్లు ఎంఆర్‌ఐతో లివర్‌లో ఇనుము నేరుగా కొలిచి చూస్తే ఆ సంబంధం అంత గట్టిగా నిలబడలేదు. అంటే ఫెర్రిటిన్ అంకెలో ఇనుముతో పాటు జబ్బు తీవ్రతా, ఒంట్లో రగిలే వాపూ కలిసి ఉన్నాయన్నమాట. కొన్ని నెలలు మాత్రమే రక్తం ఎక్కించుకున్న క్యాన్సర్ రోగికీ, పుట్టిన ఏడాది నుంచీ ఎక్కించుకుంటున్న తలసేమియా పిల్లకీ పోలిక పెట్టకూడదు, ఒప్పుకుంటాను. కానీ ఇనుము సంగతి తేల్చుకోవాలంటే నేరుగా ఇనుమునే కొలవాలన్న మాట ఇద్దరికీ వర్తిస్తుంది.

నేరుగా కొలవాలంటే ఒకప్పుడు లివర్ బయాప్సీ ఒక్కటే దారి. సూదితో ముక్క తియ్యాలి. ఇప్పుడు ఎంఆర్‌ఐలో టీ2 స్టార్ అనే పద్ధతి ఉంది. సూదీ లేదు, రంగు మందు ఎక్కించడమూ లేదు. మచ్చలు ఎంత పడ్డాయో తెలియాలని కొందరికి ఇప్పటికీ బయాప్సీ అడుగుతారు, అది వేరే సంగతి. గుండెలో ఇనుముని ఇలా కొలవొచ్చని లండన్ డాక్టర్లు 2001లో చూపించారు. అంతకుముందు గుండె సంగతి ఆయాసమొచ్చాకే బయటపడేది, ఎకో బాగానే ఉందని ఇంటికి పంపిన పిల్లల్లో కూడా.

ఈ రిపోర్టు చదవడంలో ఒక చిక్కుంది, తప్పకుండా గుర్తుంచుకోండి. లివర్‌ది మిల్లీగ్రాముల్లో ఇస్తారు. ఎండు బరువు గ్రాముకి రెండు లోపు మామూలు, ఏడు దాటితే జాగ్రత్త పడాలి, పదిహేను దాటితే చాలా ఎక్కువ. ఇది మనకి అర్థమయ్యే లెక్కే. గుండెది మాత్రం మిల్లీసెకన్లలో ఇస్తారు, అది తిరగేసి ఉంటుంది. అంకె పెద్దదైతే మంచిది. 20 పైన ఉంటే గుండెలో ఇనుము లేనట్టే. 10 నుంచి 20 మధ్య ఉంటే చేరుతోందని. 10 లోపైతే గుండెకి పెద్ద ప్రమాదం. "ఎనిమిదేనటండీ, తక్కువే వచ్చింది" అని నవ్వుతూ బయటికొచ్చిన ఒక తల్లిని చూశాను. ఆ నవ్వు నాకింకా గుర్తుంది.

రెండూ కొలవాలి, లివర్ బాగుంది కదా అని గుండెని వదిలెయ్యకూడదు. మందు వాడగానే లివర్‌లో ఇనుము నెలల్లో తగ్గొచ్చుగానీ గుండెలోది ఏళ్లు పడుతుంది. అన్ని ఎంఆర్‌ఐ సెంటర్లలోనూ ఈ లెక్క కట్టే సౌకర్యం ఉండదు. కాబట్టి పిల్లని తీసుకుని బయల్దేరే ముందే ఫోన్ చేసి "లివర్‌కీ గుండెకీ టీ2 స్టార్ చేస్తారా, రిపోర్టులో అంకెలు ఇస్తారా?" అని అడగండి. చిన్న పిల్లలు ఆ గొట్టంలో కదలకుండా పడుకోలేరు, మత్తు ఇవ్వాల్సి వస్తుంది. ఏడెనిమిదేళ్లొస్తే ఊపిరి బిగబట్టడం ఇంట్లోనే ఆటలా నేర్పించొచ్చు.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, అది తేలిగ్గా కొట్టిపారేసేదీ కాదు. "ఇనుము తగ్గించుకుంటూ కూర్చుంటే పిల్ల వయసు పెరిగిపోతుంది, చిన్నప్పుడు చేస్తేనే కదా మంచిది" అంటారు. నిజమే. తోబుట్టువు పూర్తిగా మ్యాచ్ అయ్యే అవకాశం నాలుగింట ఒకటి, ఆ అదృష్టం కలిగినవాళ్లు నెలలూ ఏళ్లూ వృథా చెయ్యకూడదు. పన్నెండేళ్ల లోపు తలసేమియా పిల్లలకి తోబుట్టువు మ్యాచ్ అయితే, పథకం నిబంధనలకి లోబడి, కోల్ ఇండియా వాళ్ల తలసేమియా బాల సేవా యోజన కింద 10 లక్షల వరకూ సాయం కూడా దొరుకుతుంది. నేను చెప్పేది ఆపమని కాదు, ముందే కొలవమని. మ్యాచింగ్ పరీక్షకి రక్తం పంపిన వారమే లివర్‌కీ గుండెకీ స్కాన్ చేయించుకుంటే, డోనర్ ఖరారై, డబ్బు సమకూరి, తేదీ దొరికేలోపు గట్టిగా మందు వాడుకోడానికి నెలలు చేతిలో ఉంటాయి. తీరా అడ్మిషన్ రోజు ఫెర్రిటిన్ ఐదువేలని తెలిస్తే అప్పుడు పరిగెత్తి ఏం లాభం?

ఇంకో మాట. ట్రాన్స్‌ప్లాంట్ బాగా జరిగి కొత్త మజ్జ పట్టేసినా పాత ఇనుము ఎక్కడికీ పోదు. రక్తం ఎక్కించడం ఆగిపోతుంది కాబట్టి కొత్తది చేరదు, అంతే. లివర్‌లోదీ గుండెలోదీ అక్కడే కూర్చుని ఉంటుంది. అందుకని డిశ్చార్జికి ముందే "మళ్లీ ఇనుము ఎప్పుడు కొలుస్తారు?" అని అడిగి తేదీ రాయించుకోవాలి. పిల్ల కోలుకుని హిమోగ్లోబిన్ నిలకడగా ఉన్నాక కొందరికి మందుతో తీస్తారు, కొందరికి రక్తం తీసేస్తారు. పెసారో వాళ్ల పద్ధతిలో కిలో బరువుకి 6 మిల్లీలీటర్ల చొప్పున పద్నాలుగు రోజులకోసారి. 25 కిలోల పిల్లకి 150 మిల్లీలీటర్లన్నమాట. ఈ సంగతి చెప్పినప్పుడు మా అత్తయ్యగారు నోరు నొక్కుకున్నారు. ఇన్నేళ్లూ కాళ్లరిగేలా తిరిగి ఎక్కించిన రక్తాన్ని మళ్లీ తీసేస్తారా అని. తీస్తారు అత్తయ్యా, ఇప్పుడు తీసిన రక్తాన్ని దాని మజ్జే మళ్లీ తయారుచేసుకుంటుంది, దానికి కావలసిన ఇనుము లివర్‌లోంచి లాక్కుంటుంది అని చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే ఆ టానిక్ సీసాలు పారబోసెయ్యి" అన్నారు.